బస్సు కిటికీలోంచి పాలపిట్ట లెక్క



దసరా సాయంత్రం జమ్మికి పోయేటప్పుడు పాలపిట్ట కోసం మీరూ వెతికే ఉంటారు. మా చిన్నప్పుడు ఊరు దాటి పొలాల దాకా పోతే చాలు, ఏ కరెంటు తీగ మీదో కూర్చుని కనబడేది. ఇప్పుడు కొన్నిచోట్ల దాన్ని పట్టి, కాళ్లకు దారం కట్టి, పంజరంలో తెచ్చి చూపించి డబ్బులు తీసుకుంటున్నారు. అది మన రాష్ట్ర పక్షి. దాన్ని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లల చేత దండం పెట్టించే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

'పాలపిట్టలు తగ్గిపోయాయి' అని అందరం అంటాం. ఎంత తగ్గాయి, ఎక్కడ తగ్గాయి, ఎప్పటి నుంచి? దేశం మొత్తానికైతే కొంత జవాబుంది. దాదాపు 30 వేల మంది రాసిపెట్టిన సుమారు 3 కోట్ల పరిశీలనలతో 2023లో భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. 30 శాతం, అంతకు మించి తగ్గాయనీ, ప్రపంచ రెడ్ లిస్టులో వీటి స్థానాన్ని మళ్లీ చూడాలనీ చెప్పిన 14 పక్షుల్లో పాలపిట్ట ఒకటి. ఆ 30 వేల మందిలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు కాదు. తీరిక దొరికినప్పుడు చూసి, చూసింది రాసిన మామూలు మనుషులు. సరే, హుజూరాబాద్ నుంచి జమ్మికుంట పోయే తోవలో ఎన్ని ఉన్నాయని మీ పాప అడిగితే? మనలో ఎవరం చెప్పగలం?

ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు చేస్తాం. పిల్లలు పులి బొమ్మ అతికించిన చార్టు తెస్తారు, బయాలజీ టీచరుగా నేను సంతకం పెడతాను. సగం చార్టులు ఎవరు చేశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి చార్టు వద్దని నా అభిప్రాయం. దాని బదులు ఒక లెక్క మొదలుపెడదాం.

మన స్కూలు బస్సులు రోజూ ఒకే తోవలో, ఒకే టైముకు పోతాయి. పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు కోరుకునేది సరిగ్గా ఇదే. ప్రతి రూటుకు ఒక నోట్‌బుక్. రెండు స్టాపుల మధ్య దూరం ముందే ఖాయం చేసుకుంటాం. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో ఒకరు వారానికి ఒక రోజు కిటికీ పక్కన కూర్చుని తీగల మీది పాలపిట్టల్ని లెక్కపెడతారు. తేదీ, టైము, ఎండా మబ్బా, ఎన్ని. అంతే. ఒక్కటీ కనబడకపోతే సున్నా వేయాలి. ఆ సున్నా చాలా ముఖ్యం. సున్నాలు రాయని నోట్‌బుక్‌లో పక్షులు ఎప్పటికీ తగ్గవు!

ఇక్కడే మీతో ఒక మాట. పిల్లవాడు మూడు వారాలు సున్నా వేస్తే 'ఖాళీగా బాగుండదు, రెండని రాయి' అనకండి. ప్రాజెక్టు పనిలో మనం చేసే సాయం చాలావరకు అలాంటిదే.

ఒకే చోట మళ్లీ మళ్లీ లెక్కపెడితే ఏమొస్తుందంటే, రాబందుల సంగతి చూడండి. భరత్‌పూర్‌లో 1980లలో రాబందుల్ని లెక్కపెట్టిన విభు ప్రకాశ్ 1990లలో మళ్లీ అక్కడే లెక్కపెట్టారు. పాత లెక్క ఉంది కాబట్టే పతనం ఎంత పెద్దదో బయటపడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని తర్వాత తేలింది, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మన ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే, బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడ్డాయి. అవి ఏటా ఒక్క గుడ్డే పెడతాయి. కాబట్టి అక్కడ ఒక్క పిల్ల పెరిగినా, చచ్చినా లెక్కలోకి రావాల్సిందే.

లెక్క కాలువ తోవను కూడా మార్చగలదు. కడప జిల్లా లంకమల అడవుల్లో ఉండే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో స్థానికుల సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు దొరికింది. రాత్రి తిరిగే పక్షి, చూడటమే కష్టం. అందుకని తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున వచ్చి అడుగుల గుర్తులు వెతికారు. కెమెరాలూ పెట్టారు. ఎక్కడెక్కడ తిరుగుతుందో కాగితం మీదికి వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు ఆ కాగితాలే అక్కరకొచ్చాయి, కాలువ దారి మార్చారు. 'ఇక్కడేదో పిట్ట ఉండేదట' అంటే ఏ ఇంజనీరూ గీత మార్చడు.

'ఫీజు కట్టేది పిట్టల్ని లెక్కపెట్టడానికా?' అని మీటింగులో ఒకరైనా అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. దీనికి మార్కులు లేవు, పెట్టకూడదని కూడా అంటాను. మార్కులు పెట్టిన రోజే సున్నాలు రెండ్లవుతాయి. వారానికి పది నిమిషాలు, అదీ బస్సులో ఎలాగూ పోయే టైమే. ఏడాది తర్వాత పిల్లలు గీసే గ్రాఫు వాళ్ల సొంత లెక్కతో గీసినదై ఉంటుంది, గైడులోంచి ఎక్కించింది కాదు.

ఒక జాగ్రత్త. పొలాల దగ్గర అలుగు లాంటి అరుదైన జంతువు కనబడితే ఫొటో, చోటు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. దాని పొలుసుల కోసం చంపేవాళ్లున్నారు. అటవీ శాఖకు మాత్రం చెప్పండి. పక్షుల లెక్కలు చేర్చే ఈబర్డ్ యాప్ కూడా కొన్ని అరుదైన పక్షుల చోటును అందరికీ చూపించదు.

దసరా సెలవుల తర్వాత తెరిచిన మొదటి వారం నుంచి మొదలుపెడదామని నా ఆలోచన. ఫిబ్రవరిలో దేశమంతటా క్యాంపస్ పక్షుల లెక్క జరుగుతుంది, అప్పటికి పిల్లలకు చెయ్యి తిరుగుతుంది. మీ రూటులో పాలపిట్టలు ఎక్కువగా కూర్చునే చోటేదో మీకు తెలిసి ఉంటే, వచ్చే పేరెంట్స్ మీటింగులో చెప్పండి. అమ్మమ్మలు, తాతయ్యలు వస్తే ఇంకా మంచిది. ముప్పై ఏళ్ల కింద అక్కడ ఏముండేదో వాళ్లనే అడిగి, నోట్‌బుక్ మొదటి పేజీలో రాయిస్తాను.