ఫైటర్ వీక్ కాదు, విజార్డ్‌కి మనమే ఫుల్ ఛార్జింగ్ పెడుతున్నాం!

ఫోన్ కొనేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. గంట గేమింగ్ తర్వాత ఎలా ఉందన్నదే అసలు టెస్ట్. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాస్‌ల బ్యాలెన్స్ కూడా అంతే.

2014 రూల్స్‌లో ఐదో లెవెల్‌కి విజార్డ్‌కి ఫైర్‌బాల్ వస్తుంది. 8 డైస్ డ్యామేజ్, అదీ గుంపు మొత్తానికి! అదే లెవెల్‌లో ఫైటర్‌కి వచ్చేది టర్న్‌కి ఇంకో కత్తి దెబ్బ. అన్యాయంగా కనిపిస్తుంది కదా? కానీ ఫైర్‌బాల్‌కి సరిపోయే స్లాట్లు అప్పటికి రెండే. అన్నీ మళ్లీ నిండాలంటే లాంగ్ రెస్ట్ కావాలి. కత్తికి ఛార్జింగ్ అక్కర్లేదు. అందుకే ఆనాటి డంజన్ మాస్టర్స్ గైడ్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్ల లెక్క చెప్పింది.

నేను డంజన్ మాస్టర్‌గా రోజుకి ఒక్క ఫైటే పెట్టేవాణ్ణి. ఆదివారం దొరికేది మూడు గంటలే మరి. విజార్డ్ ప్రతిసారీ ఫుల్ ఛార్జ్‌తో దిగేవాడు. ఫైటర్ ఆడే ఫ్రెండ్ నాలుగో వారం "నా టర్న్ వస్తే లేపండ్రా" అన్నాడు. ఐదో వారం రాలేదు.

తప్పు క్లాస్‌ది కాదు, నాది. ఇప్పుడు గేమ్‌లోని ఒక రోజుని రెండు మూడు ఆదివారాలకి సాగదీస్తున్నా, మధ్యలో లాంగ్ రెస్ట్ లేదు. విజార్డ్ స్లాట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఫ్రెండ్ తిరిగొచ్చాడు.

2024 రూల్స్‌లో వెపన్ మాస్టరీతో ఫైటర్‌కి శత్రువుని నెట్టడం, పడేయడం లాంటి ఆప్షన్లు పెరిగాయి. మంచిదే. కానీ రూల్‌బుక్ ఎంత మారినా, రెస్ట్ ఎప్పుడివ్వాలో మన చేతిలోనే ఉంది. హోమ్ రూల్స్ రాసే ముందు అది మార్చి చూడండి.