పెరటి ముచ్చట్లు: పురుగుల ఇంటిపేర్లు

నిరుడు వానలు వెలిసిన తరువాత మా పెరటిగోడ వెంబడి వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. దాని ఆకుల నిండా చిల్లులు. వంగమొక్కల మీది అక్షింతల పురుగే అటు పాకిందనుకొని, ముందువెనుకలు చూడక మేము మందు చల్లాము. మా అవ్వ అరుగు మీదనుంచి, “కలుపును తినేదాన్ని చంపుకుంటారట్రా!” అని కోప్పడ్డది. ఆమె మాటే నిజమని తరువాత తెలిసింది. మీగడరంగు వీపు మీద గోధుమచారలున్న ఆ పురుగు మెక్సికోనుంచి వచ్చిన చుట్టం. వయ్యారిభామను అణచడానికి బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు 1984లో దానిని వదిలారు. ఆ కలుపు వల్ల ఒంటికి దద్దుర్లు, ఆయాసం వచ్చినవారు మన ధర్మపురిలోనూ లేకపోలేదు. అయినా ఆ పురుగుకు నిందలు తప్పలేదు. 1990ల ఆరంభంలో సూర్యకాంతి చేలలో కనబడేసరికి పెద్ద గగ్గోలు పుట్టింది.

పోల్చుకోవడం ఎట్లాగంటే, పాదం చూడాలి. భూతద్దం పెడితే ఆకుపురుగు పాదం నాలుగు కణుపులుగా కనబడుతుంది. అసలు అయిదు, ఒకటి నలుసంత ఉండి మూడవదాని చాటున దాగుతుంది. అక్షింతల పురుగు పాదం మూడే కణుపులనిపిస్తుంది. దాని మీసాలు కురచ, కొసన గుండీ ఉంటుంది. ఆకుపురుగు మీసాలు దారాల్లా పొడుగు. గుమ్మడిపాదును తినే ఎర్ర పెంకుపురుగు, వరికి తాటాకు తెగులు తెచ్చే ముళ్లపురుగు, ఇవన్నీ ఈ ఆకుపురుగుల గోత్రమే. ముట్టుకోగానే గెంతేవాటి వెనుకతొడలు ఉబ్బి ఉంటాయి, లోపల స్ప్రింగువంటి అమరిక ఉంటుంది.

గోత్రమని ఊరికే అనలేదు. శాస్త్రజ్ఞులు పురుగుకు పెట్టే పేరులో మన తెలుగువారి పద్ధతే ఉన్నది: ముందు ఇంటిపేరు, తరువాత సొంతపేరు. తమిళదేశంలో మన పిల్లలు తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సరిపెట్టుకొని ఇంటిపేరు మరచిపోతున్నారు గాని, పురుగులు మాత్రం జాగ్రత్తగానే కాపాడుకుంటున్నాయి!

మనదేశపు ఆకుపురుగుల ఇంటిపేర్లకు చిట్టా వ్రాసినవారిలో మార్టిన్ జాకోబీ మొదటివాడు. ఆయన గ్రంథం 1908లో వెలువడింది. తరువాత మన బెంగాలీ సమరేంద్ర మౌలిక్ 1919, 1926, 1936లలో మూడు సంపుటాలు వ్రాశాడు. గెంతే పురుగుల లెక్క 1926 సంపుటంలోనిది. అంతటితో పని తీరలేదు. ఆర్థాల్టికా అని ఒక ఇంటిపేరున్నది. 1873లో క్రాచ్ పెట్టినది. ఆ ఇంటివారు అమెరికాలోనూ ఉన్నారు. నువ్వుగింజకంటె చిన్నవి గనుక వీటిని పట్టించుకున్నవారు తక్కువ. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయపు కె.డి. ప్రతాపన్, అమెరికా శాస్త్రజ్ఞుడు కాన్‌స్టాంటినోవ్ మొదలైనవారు 2013లో దక్షిణదేశంనుంచి ఈ ఇంటికి రెండు కొత్త పేర్లు చేర్చారు. అందులో ఒకదానికి మద్దిచెట్టు శాస్త్రనామమే పెట్టారు: టెర్మినాలియా. వింత ఏమంటే, ఈ పురుగులు ఆకులోని చిల్లునే ఇల్లు చేసుకొని అందులో దాక్కుంటాయి, తమకు తగినట్లు మార్చుకుంటాయి కూడాను. ఆకుపురుగుల్లో ఇట్లాంటి కాపురం అంతవరకు ఎవరూ వ్రాసి ఉండలేదు. చిల్లును చూసి చెట్టుకు తెగులనుకునే మనవంటివారికి ఇది తట్టేదేనా?

మొన్న హొగెనకల్ వెళ్లినప్పుడు కావేరి ఒడ్డున మద్దిచెట్ల కింద భూతద్దం పట్టుకొని గంటసేపు నిలబడ్డాము. చిల్లులు చాలా కనబడ్డాయి, అన్నీ ఖాళీ. పరిసలు నడిపే మనిషి ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. ఈ ఏడు వయ్యారిభామ మీద మందు చల్లలేదు. చారల పురుగులు నాలుగు తిరిగి వచ్చాయి. అవ్వ రోజూ లెక్కపెడుతున్నది.