ఆరు చిన్న గ్లాసులు, ఒక పెద్ద లెక్క

మే నెలలో బెంగళూరు మైక్రోబ్రూవరీల బోర్డుల మీద మామిడి బీరు కనిపించడం ఇప్పుడు మామూలు విషయం. శనివారం సాయంత్రం నలుగురు స్నేహితులు ఓ బల్ల చుట్టూ చేరతారు. ఏది తెప్పించుకోవాలో తేలక, అన్నీ కొంచెం కొంచెం రుచి చూద్దామనుకుంటారు. ఒక్కొక్కరి ముందుకు ఒక చెక్క ట్రే, అందులో ఆరు చిన్న గ్లాసులు వస్తాయి. ఒక్కో గ్లాసులో వంద మిల్లీలీటర్లు. గోధుమ బీరును అందరికంటే ముందు గుక్కేసినవారు "అరే, అరటిపండు వాసన!" అంటారు. అంతే, మిగతా ముగ్గురికీ అది అరటిపండు బీరే అయిపోతుంది. పండు ఎప్పుడు వేస్తారో అని ఒకరు, చక్కెరకేళి అయి ఉంటుందని ఇంకొకరు.

ఆ గ్లాసులో అరటిపండు లేదు. జర్మన్ పద్ధతిలో చేసే గోధుమ బీరులో ఆ వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థానిది. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని తయారుచేస్తుంది. మాగిన అరటిపండు సువాసనలో ముఖ్యమైనదీ అదే. ఆ ఈస్టే లవంగాన్ని గుర్తుచేసే మరో పదార్థాన్నీ చేసిపెడుతుంది. పులిసే తొట్టి ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయితే ఈ రెండింటి పాళ్లు మారిపోతాయి. అంటే పండ్లబుట్టతో పనిలేకుండా, థర్మామీటర్ దగ్గర నిలబడి అరటిపండు వాసనను పెంచవచ్చు, తగ్గించవచ్చు.

మామిడి కథ దీనికి తలకిందులు. పండు నిజంగానే వేస్తారు, కానీ తాగేవారికి చాలాసార్లు దొరకదు. గుజ్జులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. బంగినపల్లి ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు మామిడి రుచి అని మనం అనుకునేదాంట్లో తీపి వాటా చాలా పెద్దది. ఆ తీపి పోయాక మిగిలిన వాసన ఒక్కటే మెదడుకు మామిడిగా తోచడం కష్టం. పైగా జోరుగా పులిసేటప్పుడు ఎగసే కార్బన్ డయాక్సైడ్ బుడగలు తేలిగ్గా ఆవిరయ్యే సువాసనల్ని తమతో మోసుకుపోతాయి. అందుకే జాగ్రత్త తెలిసిన బ్రూవర్లు తొలి జోరు తగ్గాకే గుజ్జు కలుపుతారు. ఇంకో తమాషా ఉంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలలో మిర్సీన్ అనే నూనె పదార్థం పుష్కలంగా ఉంటుంది. మామిడిలోనూ అది ఉంటుంది. అందువల్ల కొన్ని రకాల హాప్స్ వేసిన బీరు, ఒక్క చుక్క రసం పడకపోయినా, పండు బీరు కంటే ఎక్కువ మామిడిలా అనిపించవచ్చు.

పండు లేనిచోట పండు తోచడం, ఉన్నచోట తోచకపోవడం తాగేవారి తెలివితక్కువతనం కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి, వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చి చూశారు. రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వాళ్లు దాన్ని వర్ణించారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. 2006లో వెలువడిన ఓ అమెరికన్ అధ్యయనం ఇంకా సరదాగా ఉంటుంది. పబ్‌కు వచ్చినవారికి కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపిన బీరు ఇచ్చారు. సంగతి ముందే చెబితే ఎక్కువమందికి అది నచ్చలేదు. తాగాక చెప్పినవారిలో మాత్రం, అసలు చెప్పనివారిలో మాదిరిగానే, దాన్ని మెచ్చుకున్నవారు చాలామంది. నాలుక మీద పడింది అదే ద్రవం. చెవిన పడిన మాట ముందా వెనకా అన్నదే తేడా.

బ్రూవరీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆ మాటకొస్తే నాలుకనూ అదృష్టాన్నీ నమ్మకుండా కొలవడం నేర్పినవాళ్లలో వాళ్లు ముందువరసలో ఉంటారు. 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో చేరిన విలియం గాసెట్‌కు, కొద్దిపాటి నమూనాలతోనే బార్లీ, హాప్స్ నాణ్యత తేల్చాల్సిన అవసరం పడింది. ఆ అవసరంలోంచి పుట్టిన పద్ధతిని ఆయన 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించారు. ఇవాళ మందుల పరీక్షల నుంచి పంటల ప్రయోగాల దాకా వాడుతున్న టి-పరీక్షకు మూలం అదే. ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ కొలమానమూ 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పుట్టిందే. రెండు ఒకే రకం, ఒకటి వేరే రకం బీరు పోసిన మూడు గ్లాసులు పెట్టి, వేరేది ఏదో పట్టుకోమనే పరీక్షను రుచి చూసే నిపుణులను ఎంచుకోవడానికి బ్రూవరీలు దశాబ్దాలుగా వాడుతున్నాయి. ఊరికే చెబితే ఒప్పుకోరు కాబట్టి ఆ నలుగురు స్నేహితులు కూడా దీన్ని ఒకసారి ప్రయత్నించవచ్చు. గ్లాసులు మార్చేవారు వేరే ఉండాలి, ఎవరి జవాబు వారు రాసుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. గుడ్డిగా ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, ఒక్కసారి గెలిచి మీసం మెలేయడం కుదరదు.

ఇంతవరకూ ఇది సరదా వ్యవహారమే. అరటిపండు ఉందనుకుని లేని బీరు తాగితే ఎవరికీ నష్టం లేదు. కానీ అదే నాలుక ఇంకో విషయంలోనూ మోసపోతుంది. ఆల్కహాల్ ఎంత ఉందో అది సరిగా చెప్పలేదు. బాగా చల్లబరిచి, మాల్ట్ తీపి కాస్త మిగిల్చి, పండు గుజ్జు కలిపితే 8 శాతం బీరు 5 శాతం బీరంత సౌమ్యంగా గొంతు దిగుతుంది.

ఆ ట్రేనే లెక్కేద్దాం. ఆరు గ్లాసుల్లో మూడు 5 శాతానివి, రెండు 6 శాతానివి, ఒకటి 8 శాతానిది అనుకుంటే, మొత్తం ఆల్కహాల్ 35 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ సాంద్రత మిల్లీలీటరుకు 0.789 గ్రాములు కాబట్టి బరువు సుమారు 28 గ్రాములు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా మొత్తం తాగితే వచ్చేది సుమారు 26 గ్రాములు. పెద్ద సీసా ఖాళీ చేసినవారెవరూ "కాస్త రుచి చూశాను" అనరు. ట్రే ఖాళీ చేసినవారు అదే అంటారు, అసలు ఆర్డర్ ఆ తర్వాత ఇస్తారు.

స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్మార్క్ పేరుతో పిలిచే సూత్రం ప్రకారం, 70 కిలోల పురుషుడు ఆ ట్రేను గంటలో ముగిస్తే వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ సుమారు 45 మిల్లీగ్రాములకు చేరవచ్చు. 55 కిలోల మహిళకైతే 80కి దగ్గరగా. కడుపు నిండా తిని ఉంటే ఇది తగ్గుతుంది. మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంటుంది. కానీ మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవారికి పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. కాలేయం సాధారణంగా గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు, అంటే ఈ 28 గ్రాములకు మూడు నాలుగు గంటలు. కాఫీ తాగినా, మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. ఇక 1988 నుంచీ ఆల్కహాల్ పానీయాలు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ జాబితాలో మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో ఉన్నాయి. చేత్తో చేసిన బీరా, కర్మాగారం బీరా అన్న తేడా ఆ జాబితాకు లేదు.

సీసాలో అమ్మే బీరుకు లేబుల్ ఉంటుంది. ఆహార భద్రత నియమాల ప్రకారం 2019 ఏప్రిల్ నుంచి దాని మీద ఆల్కహాల్ శాతమూ హెచ్చరికా తప్పనిసరి. తొట్టి నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే బీరుకు అతికించడానికి లేబుల్ ఎక్కడుంటుంది? ఆ పని బోర్డు చేయాలి. కొన్నిచోట్ల శాతం రాస్తున్నారు, మంచిదే. చాలాచోట్ల మాత్రం "వేసవి గాలిలా తేలికైనది", "తోటలోంచి గ్లాసులోకి" లాంటి వర్ణనలే. తన కోసం అంత కచ్చితంగా కొలుచుకునే పరిశ్రమ, డబ్బిచ్చేవారికి విశేషణాలు వడ్డించడం బాగోలేదు.

సీజన్ బీరు ఒక్కో విడతకు మారుతుంది, అంకెలు ఎలా రాస్తాం అనే వాదన వినిపిస్తుంది. మారుతుంది కాబట్టే రాయాలి. పైగా ఆ అంకె కోసం కొత్తగా చేయాల్సిన పనేమీ లేదు. పులియకముందు ద్రవం సాంద్రతను, పులిశాక సాంద్రతను బ్రూవర్ ఎలాగూ హైడ్రోమీటర్‌తోనో మరో పరికరంతోనో చూస్తారు. నీటితో పోల్చి మొదట 1.050, చివర 1.010 ఉందనుకుందాం. తేడా 0.040ని 131తో గుణిస్తే దాదాపు 5.2 శాతం ఆల్కహాల్. ఇంటర్ విద్యార్థి చేయగలిగిన లెక్క.

కల్లు కాంపౌండ్‌లో కూర్చునే మనిషి ఏ చెట్టుది, ఎప్పుడు దించారు అని అడగకుండా ముంత పట్టడు. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుందనీ, పులిసేకొద్దీ నిషా పెరుగుతుందనీ అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అక్కడ కల్తీ అనే వేరే పెద్ద జబ్బు ఉంది, దాన్ని తక్కువ చేయడం లేదు. ఆ ప్రశ్న అడిగే అలవాటు మాత్రం ఏసీ గదిలోని చెక్క ట్రే దాకా రాలేదు.

బోర్డు మీద ఒక్క వరుస చాలు: మామిడి గోధుమ బీరు, 5.2 శాతం, వంద మిల్లీలీటర్లకు ఆల్కహాల్ 4.1 గ్రాములు, పులియడం ముగిసింది మే 9న, తోతాపురి గుజ్జు తొలి జోరు తగ్గాక కలిపాం. అది చదివాక కూడా నలుగురూ నాలుగు ట్రేలు తెప్పించుకోవచ్చు, లేదా ఇద్దరికి ఒకటి చొప్పున రెండే తెప్పించుకుని, బండి తాళాలు ఎవరి దగ్గరుండాలో మొదటి గుక్కకు ముందే తేల్చుకోవచ్చు.