నావ నడుపుటకు సముద్రమే కావలెనా?

తెరచాప పడవల పందెమనగానే హిందూపురం, పెనుకొండ విద్యార్థులు నవ్వుదురు. పెన్నలో ఇసుకయే గాని నీరెక్కడిదని వారి ప్రశ్న. సమంజసమే. కాని 1900 నాటి పారిస్ ఒలింపిక్ క్రీడలలో చిన్న పడవల పందెములు జరిగినది కడలిపై గాదు, మ్యూలాన్ అను ఊరి చెంత సేన్ నదిపైన. అడుగున బరువు అమర్చిన పడవలను టన్నుల లెక్కన తరగతులుగా విభజించిరి. మే 20న గాలి మందగించి పెక్కు పడవలు గడువులోగా గమ్యమే చేరలేదు. (అక్కడివారును నవ్వియుందురు!) మే 22న ఒకటి నుండి రెండు టన్నుల తరగతిలో ‘లెరీనా’ గెలిచెను. అందు భర్తతో కూడి పాల్గొన్న హెలెన్ ద పుర్తలేస్ ఒలింపిక్ విజేతగా నిలిచిన తొలి మహిళ.

అంత దూరమేల? హైదరాబాదు హుస్సేన్ సాగర్ కుతుబ్ షాహీల కాలమున, 16వ శతాబ్దిలో కట్టిన చెరువే. నేడు అందు తెరచాప పడవల పోటీలు జరుగుచున్నవి.

ధర్మవరమునకును పెద్ద చెరువు కలదు. అది నిండని ఏండ్లును కలవు. కావున కిష్తీలు కొనుడని కళాశాల కమిటీని కోరుట లేదు. మేము కోరునది ఈత. ఈత రాని పిల్లలున్న ఇంటికి చెరువు నిండిన ఏడు సంతోషముతోపాటు భయమును తెచ్చును. క్రీడానిధిలో బంతులకు, వలలకు పద్దున్నట్లే ఈతకును ఒక పద్దుండవలెను. బాలికలకు వేరు వేళయు, శిక్షకురాలును ఏర్పరచవలెను. లేనిచో సగము కళాశాల గట్టుపైనే నిలిచిపోవును. వేసవి సెలవులకు ముందే ఈ విషయమును చర్చకు తీసికొనవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము.