కోచ్ నోటికి విజిలే సమాధానం

కోచ్ అరిస్తే పట్టించుకోవద్దు, దగ్గరికెళ్లి నాలుగు మంచిమాటలు చెప్పి చల్లబరచాలి, టెక్నికల్ ఫౌల్‌ని ఆఖరి అస్త్రంగా దాచుకోవాలి. బాస్కెట్‌బాల్ రిఫరీలకు సీనియర్లు నూరిపోసే పాఠం ఇది. దీనికి గేమ్ మేనేజ్‌మెంట్ అని పేరు కూడా పెట్టారు. ఈ పాఠం శుద్ధ తప్పు. తిట్టు వినపడిన మొదటిసారే విజిల్ మోగాలి. స్కోరు ఎంత, ఇంకెన్ని నిమిషాలున్నాయి, కోచ్ ఎంత పేరున్నవాడు అన్న లెక్కలతో పనిలేదు.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 31 లీగుల్లో ఒక ప్రయోగం చేసింది. రిఫరీ మీద నోరు పారేసుకున్న ఆటగాడిని పది నిమిషాలు బయట కూర్చోబెట్టారు. అంతకుమించి ఏమీ లేదు. రిఫరీతో వాగ్వాదాలు 38 శాతం తగ్గాయి. 2019-20 నుంచి కింది స్థాయి పోటీలన్నింటికీ ఆ నిబంధన వర్తింపజేశారు. అది ఫుట్‌బాల్ కదా, శిక్ష పడింది ఆటగాళ్లకు కదా అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆటగాడికి ఆ నోరు ఎక్కణ్నుంచి వచ్చింది? పక్కన నిలబడి అరిచే పెద్దమనిషిని చూసే కదా! బుజ్జగింపులతో ఇంత తగ్గిందని చూపించే లెక్క మాత్రం ఎవరూ పెట్టరు.

శిక్ష నామమాత్రమైతే ఏమవుతుందో 1985 ఫిబ్రవరి 23న అమెరికాలోని బ్లూమింగ్టన్‌లో లోకమంతా చూసింది. ఇండియానా, పర్డ్యూ విశ్వవిద్యాలయాల మ్యాచ్ మొదలై ఐదు నిమిషాలైంది. ఫౌల్ నిర్ణయం మీద ఇండియానా కోచ్ బాబీ నైట్ విరుచుకుపడ్డాడు, టెక్నికల్ పడింది. పర్డ్యూ ఆటగాడు ఫ్రీ త్రో వేయడానికి సిద్ధమవుతుంటే నైట్ పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి కోర్టులోకి విసిరాడు. చెక్క ఫ్లోర్ మీద జారుతూ అది అవతలి వైపు దాకా వెళ్లింది. రిఫరీలు మొత్తం మూడు టెక్నికళ్లిచ్చి ఆయన్ని బయటకు పంపారు. కోర్టులో వాళ్లు చేయగలిగింది చేశారు. ఆ విశ్వవిద్యాలయాలు ఆడే లీగు బిగ్ టెన్ కాన్ఫరెన్స్ మాత్రం ఆయన్ని ఒక్క మ్యాచ్‌కే సస్పెండ్ చేసింది. విశ్వవిద్యాలయం ఆయన్ని తొలగించింది 2000 సెప్టెంబర్‌లో. మధ్యలో పదిహేనేళ్లు!

ఈ ఉదాసీనతకు మూల్యం చెల్లించేది రిఫరీలే. 2018-19 తర్వాత మూడేళ్లలో అమెరికా హైస్కూల్ క్రీడల నుంచి దాదాపు 50,000 మంది అఫీషియల్స్ తప్పుకున్నారు. కోవిడ్ కూడా ఒక కారణమే. అయితే వాళ్లు మానుకోవడానికి ప్రధాన కారణం పెద్దల ప్రవర్తనేనని అక్కడి హైస్కూల్ సంఘాల సమాఖ్య కోవిడ్‌కి ముందే, 2019 జనవరిలోనే మొత్తుకుంది.

కోచ్‌కి కోపం రావడం సహజమే. రిఫరీలూ పొరపాట్లు చేస్తారు. "ఆ ఫౌల్ ఎవరి మీద ఇచ్చారు సార్?" అని అడిగితే జవాబివ్వడం మర్యాద. చేతులూపి నిరసన తెలిపితే ఒక్కసారి హెచ్చరించాలి. బూతు మాట్లాడితే, అమ్ముడుపోయావని అంటే హెచ్చరిక అక్కర్లేదు, నేరుగా టెక్నికల్ ఇవ్వాలి. బెదిరిస్తే, మీదకొస్తే బయటకు పంపాలి.

దగ్గరి మ్యాచ్‌లో టెక్నికల్ ఇస్తే ఫలితమే తారుమారవుతుందని గగ్గోలు పెడతారు. మన జిల్లా, రాష్ట్ర పోటీలు నడిచే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం టెక్నికల్‌కి శిక్ష ఒక్క ఫ్రీ త్రో. తర్వాత ఆట ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. అంటే పోయేది మహా అయితే ఒక్క పాయింటు. సొంత ప్రవర్తనకు కోచ్ రెండోసారి టెక్నికల్ తెచ్చుకుంటే బయటకు వెళ్లాల్సిందే. ఆ ఒక్క పాయింటుతో మ్యాచ్ పోతే దాన్ని పోగొట్టింది కోచ్ నోరే. రిఫరీని తప్పుపట్టడం అన్యాయం.

పెద్ద లీగుల్లో రిఫరీకి జీతముంటుంది, యూనియన్ ఉంటుంది. స్కూలు పోటీల్లో విజిల్ పట్టేది చాలాచోట్ల పొరుగు ఊరి పీఈటీ. పిల్లలందరి ముందు అతణ్ని నానా మాటలంటుంటే నిర్వాహకులు వేదిక మీద కూర్చుని చూస్తారు. ఆట అయ్యాక "ఆయన కోపిష్టి, మనసులో పెట్టుకోకు" అని సర్దిచెబుతారు. ఇది పిరికితనం. కోచ్‌ని అదుపు చేయలేని సంఘానికి రిఫరీని సర్దుకోమనే హక్కు లేదు.

క్రీడా సంఘాల పెద్దలు మూడు పనులు చేయాలి. ప్రతి టెక్నికల్‌నీ రికార్డు చేయాలి. బయటకు పంపిన కోచ్‌ని తర్వాతి మ్యాచ్‌కి రానివ్వకూడదు. టెక్నికల్ ఇచ్చిన రిఫరీని మరుసటి మ్యాచ్ నుంచి తప్పించకూడదు. పది నిమిషాల శిక్షతో 38 శాతం తగ్గిన రుజువు కళ్లముందు ఉంది. ఇంకా ఓర్చుకోమని రిఫరీలకు చెప్పేవాళ్లు తిట్టే కోచ్‌లకే కొమ్ముకాస్తున్నారు.