ఘ్రాణమార్గమున మెదడునకు

దేహములోని తక్కిన అవయవములలో పెక్కు రక్తముతో స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకొనుచుండగా, మెదడు మాత్రము తనకు వలసినదానిని ఏరి తీసికొని శేషమును వెలుపలనే నిలిపివేయును. 1885లో పౌల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగులు ఎక్కించి చూడగా అవయవములన్నిటికిని వన్నె పట్టెను గాని మెదడునకు పట్టలేదు. మెదడునకు ఆ రంగులను గ్రహించు గుణమే లేదని ఆయన తలచెను. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ నీలిరంగును మెదడు చుట్టు నుండు ద్రవములోనికే ఎక్కించినప్పుడు మెదడు నీలివన్నె దాల్చి, తక్కిన శరీరము మారకయుండుటచే, అడ్డు మెదడులో గాక రక్తమునకును మెదడునకును నడుమ నున్నదని తేటపడెను. మెదడులోని సూక్ష్మరక్తనాళముల గోడల కణములు సందు లేకుండ ఒండొంటిని అంటియుండుటయే ఆ అడ్డునకు కారణము.

ఆరోగ్యకాలమున మనలను కాపాడు ఈ యేర్పాటే రోగకాలమున వైద్యుని చేతులు కట్టివేయుచున్నది. ప్రోటీను ఔషధములు పెద్ద అణువులు. ఇన్సులిను అణుభారము సుమారు 5,800, యాంటీబాడీలది దాదాపు 1,50,000. సిరలోనికి ఎక్కించిన యాంటీబాడీలో మెదడు చేరునది వేయింట ఒక పాలని సామాన్యముగ అంచనా వేయుచున్నారు. కనుకనే, మెదడును క్రమముగ క్షీణింపజేయు బాటెన్ వ్యాధులలో ఒకదాని పాలబడిన పసిపిల్లలకు, 2017లో అమెరికాలో ఆమోదము పొందిన సెర్లిపోనేజ్ ఆల్ఫా అను ఎంజైమును, పుర్రెకు రంధ్రము చేసి అమర్చిన గొట్టము ద్వారా రెండు వారములకొకమారు మెదడులోని కుహరమునకే ఎక్కించుచున్నారు. ఆ మందువలన ఆ బిడ్డలు నడకను మరికొంతకాలము నిలుపుకొనుచున్నారనుట సత్యము, సంతోషకరము. అయినను ఒక శిశువు తలలోనికి ఏండ్ల తరబడి సూది పంపవలసి వచ్చుటను తలచినప్పుడు, ఇంతకన్న మృదువైన త్రోవ లేదాయని మనసు వేదన చెందకమానదు.

త్రోవ యొకటి కలదు. ముక్కు పైకప్పున వాసన పట్టు నాడీకణముల కొనలు నేరుగా గాలికి సోకుచుండును. వాని తంతువులు జల్లెడవలె రంధ్రములుగల పలుచని యెముకగుండ పైకి పోయి మెదడును చేరును. త్రిధార నాడి శాఖలు అదే నాసికాకుహరమునుండి మెదడు మూలమునకు పోవుచున్నవి. ముక్కు శిరస్సునకు ద్వారమని ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పి, ముక్కున మందు వేయు నస్యచికిత్సను విస్తరించెను. ఆ పరిశీలన గౌరవింపదగినదే గాని నేటి ప్రోటీనునకు అది ప్రమాణము కానేరదు. ఈ మార్గము నిజమైనదని దుఃఖకరముగ చాటుచున్నది నేగ్లేరియా ఫౌలెరి అను అమీబా. వెచ్చని చెరువునీటితోపాటు ముక్కులో ప్రవేశించి, ఘ్రాణనాడి వెంబడి మెదడును చేరి, అది ప్రాణములు తీయుచున్నది. కేరళలో ఇటీవల పలు కుటుంబములు ఇట్లు బిడ్డలను కోల్పోయినవి.

అమీబా పోగలుగుచోట ఔషధమును పంపలేమా? 1989లో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన విలియం ఫ్రే నాడీపోషక ప్రోటీనులను ఈ మార్గమున పంపవచ్చునని ప్రతిపాదించెను. 2002లో జర్మనీలో యాన్ బోర్న్ బృందమువారు ఆరోగ్యవంతుల ముక్కులో ఇన్సులినును చల్లి, రక్తములోని చక్కెర మారకయే మస్తిష్కమేరు ద్రవములో ఇన్సులిను పెరిగినదని చూపిరి. అల్జైమర్స్ రోగుల మెదడు ఇన్సులినునకు సరిగా స్పందింపదని అంతకుముందే అనుమాన మున్నందున, ఆశ సహజముగనే అటు మరలినది.

అయితే ముక్కు విషయమున తొందరపాటు ఎంత కీడు చేయగలదో 1937లోనే లోకము చూచినది. ఇన్సులిను పుట్టిన టొరంటో నగరముననే, పోలియో వైరసు నాసికాద్వారమున ప్రవేశించునని కోతులపై ప్రయోగములనుబట్టి నమ్మి, సుమారు 5,000 మంది పిల్లల ముక్కులలో జింకు సల్ఫేటును చల్లిరి. పోలియో ఆగలేదు; కొందరు పిల్లలు వాసనను శాశ్వతముగ పోగొట్టుకొనిరి. ఆ వైరసు ప్రధానముగ నోటిద్వారా ప్రవేశించునని తరువాత గాని తెలియలేదు. కోతి ముక్కు చెప్పిన మాటను మనుష్యునకు అన్వయించుటలో జరిగిన ఆ పొరపాటు, ఈ మార్గముపై ఎలుకలలో జరిగిన ప్రయోగములను చదువునపుడు నాకు పదేపదే స్మరణకు వచ్చును. ఏలనన, ఎలుక ముక్కులో వాసన పట్టు పొర దాదాపు సగము వైశాల్యమును ఆక్రమించియుండగా, మనుష్యులలో అది పదింట ఒక పాలునకు మించదు. అదియు మామూలు పిచికారీ తుంపర సులభముగ చేరని పైకప్పున ఇరుకున నున్నది. మనము చల్లగలుగునది ఒక్కొక్క నాసాపుటమున మిల్లీలీటరులో పదవవంతు మాత్రమే. దానినైనను శ్లేష్మముతోపాటు సూక్ష్మరోమములు అనతికాలముననే గొంతువైపు త్రోసివేయును.

అల్జైమర్స్ విషయమునకు మరల వచ్చినచో, 2012లో సుజాన్ క్రాఫ్ట్ అను పరిశోధకురాలి బృందము జ్ఞప్తి క్షీణించుచున్న 104 మందిపై నాలుగు నెలలు జరిపిన ప్రయోగమున, రోజునకు 20 యూనిట్ల ఇన్సులిను పీల్చినవారికి జ్ఞప్తి కొంత మెరుగుపడినట్లు కానవచ్చెను. దానినిబట్టి 289 మందితో ఒక యేడాది ప్రయోగము జరిగి, 2020లో ప్రకటింపబడిన ఫలితము నిరాశాజనకమాయెను: ఇన్సులిను వారికిని ఉత్తుత్తి మందు వారికిని తేడా కానరాలేదు. అయితే మందు చల్లు సాధనము నడుమ మారినది. మొదటి సాధనము నిలకడగా పనిచేయనందున 49 మందికి ఇచ్చిన తరువాత దానిని విడిచి, మిగిలిన 240 మందికి వేరొకదానిని ఇచ్చిరి. ముఖ్యఫలితము ఆ రెండవదానిదే. మొదటిదానిని వాడిన కొద్దిమందిలో ఇన్సులినువలన మేలు సూచనలు కానవచ్చినవి గాని, అంత చిన్న గుంపునుబట్టి నిశ్చయింప వీలులేదు. ఇన్సులిను మెదడునకు పనికిరాదా, లేక మెదడునే చేరలేదా? ఒక యేడు రోగులును, వారిని కనిపెట్టుకొనియుండిన వారును విసుగుచెందక ముక్కున మందు చల్లుకొనిన పిమ్మటను ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకలేదు. నన్ను మిక్కిలి బాధించునది ఔషధము ఓడిపోవుట కాదు, ఓటమినుండి సైతము ఏమియు నేర్వలేకపోవుట.

2025లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమువారు, రేడియోధార్మిక ముద్ర వేసిన ఇన్సులినును 16 మంది పెద్దవారి ముక్కులో చల్లి, పెట్ స్కానుతో అది మెదడులో ఏయే భాగములను చేరినదో చిత్రించిరి. ఇది 289 మందిని పిలుచుటకు ముందు జరుగవలసిన పని. ఇన్సులిను పాత మందగుటచే దానిపై పేటెంటు లాభము కంపెనీలకు స్వల్పము. కావున ఇట్టి కొలతలకు ప్రభుత్వములే ధనమీయవలసియుండును, ఈయవలెను కూడ. ఇకమీదట ఏ ప్రోటీనునైనను, ఏ సాధనముతోనైనను ముక్కుద్వారా పంపదలచువారు, ఆ సాధనముతో ఆ ప్రోటీను మనుష్యుని మెదడునకు ఎంత చేరుచున్నదో కొందరిలోనైన ముందుగా కొలిచి చూపినగాని, నీతిసంఘములు రోగులను చేర్చుకొనుటకు వారికి అనుమతి నీయరాదు.