పొగ త్రాగువారి లెక్క

పొగ త్రాగుట తగ్గుచున్నదను మాట వినుటకు ఇంపుగనే యున్నది. కేంద్ర ఆరోగ్యశాఖవారు జరిపించిన పరిశీలనలంబట్టి 15 ఏండ్లు నిండినవారిలో 2009-10 నాడు నూటికి 14 మంది పొగ త్రాగుచుండిరి. 2016-17 నాటికి ఆ సంఖ్య 10.7కు దిగినది. సంతోషమే. కాని ఈ లెక్కలో మఱియొక లెక్క గలదు. సిగరెట్టు త్రాగువారు నూటికి నలుగురైన, బీడీ త్రాగువారు 7.7. అనగా ఈ వ్యసనము బీదవాని గుడిసెయందే వేళ్లూనియున్నది.

పురుషులలో 19 మంది త్రాగుచుండ, స్త్రీలలో ఇద్దరేయని సగటు చెప్పును. ఆ సగటుతో తృప్తినొందువారు శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు పల్లెలను జూతురుగాక. చుట్టనిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ పీల్చు స్త్రీలు అచ్చట గలరు. అంగిటి క్యాన్సరునకు ఆ యలవాటు కారణమని వైద్యులు ఏనాడో తేల్చిరి.

2003 నాటి చట్టమును, 2008 అక్టోబరు 2 మొదలు అమలైన బహిరంగస్థల నిషేధమును పట్టణములకు కొంత మేలుచేసినవి. పల్లె అరుగుమీది చుట్టకు చట్టముకంటె గ్రామవైద్యుని హితవే మందు.

మన బాధ్యతను దాచుకొనరాదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులలో పెక్కుమందికి పొగాకే జీవనాధారము. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. పొగాకు అమ్మకమునకు 1976లో గుంటూరున బోర్డును నెలకొల్పిన ప్రభుత్వము, మాఱుపంటకును గిట్టుబాటు ధరకు పూచీ పడవలదా? రైతునకు దారి చూపక త్రాగువానికి నీతులు చెప్పుట సగము పని మాత్రమే.